ముహూర్తం పెట్టి మార్చిన కంప్యూటరు

మొన్న నా ఫోను మొరాయిస్తే యూసఫ్‌గూడలో బాగుచేసే షాపుకి తీసుకెళ్ళాను. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలెత్తకుండానే, "లోపలున్నది ఉండాల్నా మేడమ్, పోయినా నడుస్తదా?" అని అడిగాడు. వచ్చినవాళ్ళందర్నీ అడిగే ప్రశ్నే అయ్యుంటుంది. నేను మాత్రం ఫోను అతని చేతిలోంచి తీసేసుకుని, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను. నేను భయపడింది ఫోను గురించి కాదని ఆటో ఎక్కాక గానీ అర్థం కాలేదు.

ఫ్లాపీలూ, సీడీలూ వాడే రోజుల్లో మేం ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కొండ పైన హీరోల బంగళాలు, కింద మాలాంటివాళ్ళ పోర్షన్లు. నీళ్ళ ట్యాంకరు దగ్గర మాత్రం అందరిదీ ఒకటే ఎదురుచూపు. మా ఆయనది తెనాలి పక్క పల్లెటూరు. సినిమాలకి రాయాలని వచ్చారు, ఏళ్ళ తరబడి రాశారు కూడా. కాకపోతే తెర మీద పడే పేరు ఇంకొకరిది. అలాంటివాళ్ళని పరిశ్రమలో ఘోస్ట్ అంటారు. ఆ మాటకి అర్థం తెలిశాక మా అత్తగారు, బతికున్నవాడికి అదేం పేరమ్మా అని దిష్టి తీశారు. హాలంతా ఈలలేసిన డైలాగు మావారిదని నాకూ, మా వంటింటి గోడలకీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి మనిషి ఎట్టకేలకు సొంతంగా ఒక కథ రాసుకున్నారు. ఇల్లు వదిలిపోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళే పిల్ల కథ. ఒక నిర్మాతకి నచ్చింది. హీరోగారు ఒప్పుకుంటే కథ, మాటలు అని మావారి పేరే వేస్తానన్నాడు. హీరోగారు వినడానికి ఒక రోజు కూడా ఇచ్చారు. ఆ రోజు దొరకడం కన్నా తిరుమల దర్శనం తేలిక.

కథంతా ఇంట్లో కంప్యూటర్లోనే ఉండేది. ప్రింటు తీయించలేదు. తీయిస్తే ఒక కాపీ సినిమావాళ్ళు చేరే కృష్ణానగర్ టీకొట్టుకి చేరుతుందనీ, నెల తిరిగేసరికి వేరే పేరుతో షూటింగ్ మొదలవుతుందనీ ఆయన భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు, అంతకుముందు చెయ్యి కాలినవారే.

మా తమ్ముడు మాదాపూర్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అడుగుపెట్టిన ప్రతివాడూ కంప్యూటర్ పండితుడైన రోజులవి; మావాడు నిజంగానే పండితుడు, అదే వచ్చిన చిక్కు. ఒకసారి సినిమావాళ్ళు దొంగ సీడీల మీద ఊరేగింపు తీస్తే, బ్యానర్ల మీద నినాదాలు మావారే రాసిచ్చారు. అవి చూసి తమ్ముడు నవ్వుతూ, "బావగారూ, ఇవి టైపు చేసిన కంప్యూటర్లో ఎక్కించిన సాఫ్ట్‌వేరూ దొంగ సీడీదే కదండీ" అన్నాడు. ఆయన అన్నం మధ్యలో లేచిపోయారు. కొన్నాళ్ళు ఆ కంప్యూటరు మొహం చూడలేదు. తన పేరుతో వచ్చే మొదటి కథ దొంగ సరుకులో ఉండకూడదని చివరికి తేల్చేశారు. దాని బదులు లినక్స్ అని ఒకటుందనీ, ప్రపంచంలో ఎవరెవరో కూర్చుని రాసి ఊరికే పంచిపెడుతున్నారనీ తమ్ముడు చెప్పాడు. పేరు కోసం కాకుండా రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా అని ఆయన ఆశ్చర్యపోయారు.

సినిమావాళ్ళు ముహూర్తం లేకుండా గడప దాటరు. ఈయన సిద్ధాంతిగారిని అడిగి ఆదివారం పొద్దున్నకి ముహూర్తం పెట్టించారు. కంప్యూటరుకి పసుపు కుంకుమలు, మానిటరుకి బంతిపూల దండ. తమ్ముడు తెల్లారకముందే వచ్చి కథని ఫ్లాపీల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. యంత్రమేమో వైరస్ పట్టి మూలుగుతోంది, ఫ్లాపీల్లో సగం పనికిరానివి. ఇంటర్వెల్ దాకా ఎక్కిందో లేదో, ముహూర్తం దాటిపోతోందని ఈయన గోల. ఇంకో అరగంట ఆగమని వాడు బతిమాలాడు.

"వర్జ్యం వచ్చేస్తుందిరా. మిగతాది అందులోనే ఓ పక్కన ఉంటుందిగా, తర్వాత తీసుకుందువుగానీ. కానియ్" అన్నారు ఈయన.

ప్రసాదానికని పైకొచ్చిన ఓనరమ్మ గుమ్మంలో నిలబడి నాతో మెల్లగా, "గా డబ్బాకు గూడ ముహూర్తమేందమ్మా? పిలగాడు జర ఆగుమంటుండు గద" అంది. బావ మాట తీసెయ్యలేక తమ్ముడు సీడీ పెట్టాడు. నేను హారతిచ్చాను. కొత్త సిస్టమ్ ఏవేవో ప్రశ్నలు అడుగుతోంది. ఈయన చేతి గడియారం చూస్తూ వాడి నెత్తి మీద నిలబడ్డారు. డిస్కు మొత్తం వాడుకోనా అని అది అడిగితే, ఆ కంగారులో వాడు సరే అనేశాడు. ముహూర్తం మాత్రం తప్పలేదు.

తెర మీదికి లినక్స్ గుర్తు, పెంగ్విన్ బొమ్మ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం, పాయసం తిన్నాం. చెయ్యి కడుక్కొచ్చి మిగతా కథ కోసం వెతకడానికి కూర్చున్న తమ్ముడు ఎంతసేపటికీ ఇటు తిరగడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి, "అక్కా, బావగారిని కాస్త కూర్చోబెట్టు" అన్నాడు. ఆయన అప్పటికే గోడకి ఆనుకుని కూలబడ్డారు.

తమ్ముడు ఆ డిస్కు విప్పుకుపోయి ఆఫీసులో తలపండినవాళ్ళకి చూపించాడు. పాతదాని మీదే కొత్తది రాసేసింది, ఇక రాదన్నారు. మావారు వాణ్ని నాలుగు తిట్టినా బాగుండేది. వాడు ఆదివారాలు రావడం మానేశాడు.

హీరోగారిచ్చిన రోజు ముంచుకొచ్చేస్తోంది. మిగిలిన మొదటి సగాన్ని ఈయన డీటీపీ సెంటర్లో ఆపరేటరు పక్కనే కాపలా కూర్చుని ప్రింటు తీయించారు. రెండో సగం మళ్ళీ రాయబోయారు. రాయడం, చదువుకోవడం, చింపడం. కూరలు తరుగుతూ విన్నదాన్ని కదా అని నాకు గుర్తున్న సీన్లు చెబితే, "అది కాదే, ఆ పిల్ల అలా మాట్లాడదు" అనేవారు. ఏళ్ళ తరబడి పరాయి గొంతులతో రాసిన చెయ్యి, తొందరపెడితే ఆ గొంతుల్నే పట్టుకునేది. సొంత గొంతు దొరక్క దొరక్క ఒక్కసారి దొరికింది, అదీ పోయింది.

ఆ రోజు జూబ్లీహిల్స్ బంగళాలో ఈయన చెబుతుంటే ఇంటర్వెల్ దాకా హీరోగారు కాఫీ కూడా ముట్టుకోలేదట. తర్వాత కాసేపు లాక్కొచ్చి, పిల్లకి తండ్రి ఎదురుపడ్డ చోట ఈయన ఆగిపోయారట. అప్పుడా పిల్ల అనే మొదటి మాట మీదే కథంతా నిలబడాలి. ఇక్కడ నా మాట నాకే గుర్తు రావడం లేదండీ అని చేతులు జోడించి లేచి వచ్చేశారు. ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చుగా అని నాకు ఒళ్ళు మండింది. లోకంలో అందరికీ అల్లిపెట్టిన మనిషి! నిర్మాత మంచివాడే, మొదటి సగం ఉంచుకున్నాడు. రెండో సగం పేరున్న రచయితలు కూర్చుని వండారు, పేర్లూ వాళ్ళవే పడ్డాయి. మావారికి మిగిలిన "కథా సహకారం" తెర మీద నేను కూడబలుక్కుని చదివేలోపే మాయమైంది.

విడుదలయ్యాక మ్యాట్నీకి వెళ్ళాం. జనం నవ్విన చోటల్లా ఆయన నా చెయ్యి నొక్కారు. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. సమోసాలు తెద్దామని నేను లేవబోతే, ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "పదవే, ఇంటికెళ్దాం. నా సినిమా అయిపోయింది" అన్నారు. అందరూ లోపలికొస్తుంటే మేమిద్దరం ఎదురునడిచి బయటపడ్డాం. రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి నేను ఏడ్చేశాను. ఆయన ఆటో పిలిచారు.

తర్వాత తమ్ముడు మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. ఈయన టీవీ సీరియళ్ళకి రాశారు, రోజూ పేరు వేశారు కూడా. బాధ తగ్గింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈమధ్య ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ కథ మొదట్నించీ చెప్పుకున్నాం. తండ్రి ఎదురుపడేసరికి ఆగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మాట సరే, ఆ పిల్ల పేరేమిటో కూడా ఇద్దరికీ గుర్తు రాలేదు. కాలం దుఃఖాన్ని పట్టుకుపోతుందంటారు; పోతూ పోతూ, దేనికోసం దుఃఖపడ్డామో దాన్ని కూడా పట్టుకుపోతుందని ఎవరూ చెప్పరు.