సాక్ష్యానికి కట్టుకెళ్లిన ఎర్రచీర

ఈరోజు మా పిన్నిని బందరు కోర్టుకి తీసుకెళ్లాను. పెడనలో కలంకారీ అద్దకం చేసే మా బాబాయి లారీ గుద్ది పోయాడు. ఆ నష్టపరిహారం కేసులో ఇవాళ పిన్ని సాక్ష్యం.

మెట్ల దగ్గరే మా లాయరుగారు ఆవిణ్ణి చూసి మొహం చిట్లించారు.

"ఎర్రచీరేంటమ్మా? పైగా బొట్టూనా! వెలిసిన చీర కట్టుకొస్తే జడ్జిగారికి జాలి పుడుతుంది కదా."

"ఇది ఆయన చివరగా అద్దిన చీరండీ. వెలిసిపోయే రంగు ఆయనెప్పుడూ వెయ్యలేదు," అంది పిన్ని.

తీరా చూస్తే అవతలి లాయరు రాలేదు. కేసు మళ్లీ వాయిదా!

నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయిని గుద్దిన లారీ ఏ రంగుదో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పిన్ని చీర రంగు మాత్రం కోర్టు వరండాలో కూర్చున్నవాళ్లక్కూడా కావాలి.

వచ్చే వాయిదాకి ఏం కట్టుకెళ్లాలో మీరైనా చెప్పండి. ఆవిడైతే ఇంటికి రాగానే ఆ ఎర్రచీరే ఉతికి ఆరేసింది.