అక్క వండిన సైలెన్సర్

ఆ రోజుల్లో గోదావరిఖనిలో పాత స్కూటరు ఉన్నవాడికి రెండు విద్యలు వచ్చి తీరాలి. స్టార్టు కాకపోతే బండిని ఒక పక్కకు వంచి పెట్రోలు దింపడం ఒకటి, వంచినా కాకపోతే నలుగురూ చూడకముందే సందులోంచి తోసుకుపోవడం రెండు. నాకు మూడో విద్య, అంటే బండి విప్పి బాగుచేయడం కూడా వచ్చని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నా పెళ్లిచూపుల్లో కూడా ఆ మాటే ముందు చెప్పారు (ఉద్యోగం సంగతి తర్వాత వచ్చింది). ఆ పేరు ఎలా వచ్చిందో సగమే చెప్పి, మిగతా సగం ఇన్నేళ్లూ నోట్లోనే ఉంచుకున్నాను. ఆ సగం మా అక్కది.

అప్పుడు నేను డిగ్రీ తప్పి, ఉద్యోగం వెతుక్కుంటున్నానన్న పేరుతో అక్కావాళ్ల క్వార్టర్‌లో తిని తిరుగుతున్నాను. బావ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన స్కూటరు స్టార్టయ్యేది, గుర్రుమనేది, గేరు వేసి ఎక్సలేటరు తిప్పితే మాత్రం నీరసంగా మూలిగి, రోడ్డు మీద నడిచిపోయేవాళ్ల వెనకే మర్యాదగా వచ్చేది. ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు మెకానిక్. బండిని పాత ఇనుపసామాను కొనేవాడికి ఇచ్చేస్తానన్నాడు బావ. అక్క ముఖం చిన్నబోయింది. ఆమెకు జ్యోతినగర్‌లో ఒక బడిలో ఆయాగా పని దొరికింది. పొద్దున్నే చేరాలి, ఆ వేళప్పుడు ఆటోలు నిండితేగాని కదలవు. ఆ స్కూటరు మీదే పోవాలని ఆమె ఆశ. బావ నిద్రపోతుంటే స్టాండు మీదున్న బండెక్కి గేర్లు మార్చడం కూడా నేర్చుకుంది. ఇద్దరం బతిమాలితే బావ విసుక్కుని, "ఎవలు బాగుచేస్తె వాళ్లదే బండి, తీస్కపోండ్రి" అన్నాడు.

"నేను చేస్త అక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాను. వాకిట్లో పాత దుప్పటి పరిచి ప్లగ్గు గీకాను, కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడిగాను, ఆరబెట్టాను, బిగించాను. రెండు నట్లు మిగిలాయి. కంపెనీవాడు ఎక్కువ ఇచ్చి ఉంటాడని జేబులో వేసుకున్నాను. స్కూటరు మళ్లీ మూలిగింది.

సాయంత్రం అక్క బొగ్గు అంటించింది. కాలనీలో అందరూ బొగ్గును వాకిట్లో కుప్పపోసి అంటించి, పొగంతా పోయి ఎర్రబడ్డాక పొయ్యిలోకి తీసుకునేవాళ్లు. అక్క కుప్ప అడుగున బూడిద తోసి గాలికి దారి చేస్తూ, "తమ్మీ, గీ బండికి పొగ ఎటునుంచి పోతది?" అంది.

"కిందికెల్లి. సైలెన్సర్ల నుంచి."

"గదొక్కటి ఇడిసిపెట్టి అన్నీ కడిగినవ్. బూడిద నిండితె పొయ్యి ఎట్ల మండుతదిరా?"

"అది ఇంజన్ అక్కా, పొయ్యి కాదు" అన్నాను, డిగ్రీ తప్పినవాడికి మాత్రమే ఉండే గాంభీర్యంతో.

"పొయ్యి గాకుంటె పెట్రోలెందుకు కాలుస్తది?" అని నా చేతిలో పానా లాక్కుంది. సైలెన్సర్ విప్పి గొట్టంలోకి తీగ పెడితే వేలెడు దూరం కూడా పోలేదు. లోపలంతా ఆయిలు మసి గడ్డకట్టింది. అక్క దాన్ని పట్టకారుతో తీసుకెళ్లి కణకణలాడే బొగ్గుల్లో పెట్టింది. కాసేపటికి దాని నోట్లోంచి మంట లేచింది. పక్కింటి అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏందే, కూర మాడగొట్టినవా?" అంది.

"లేదవ్వా, స్కూటర్ వండుతున్న."

మర్నాడు చల్లారిన సైలెన్సర్‌ను రోకలితో కొడితే మాడిన అప్పడాల్లా మసి పెచ్చులు రాలాయి. బిగించి, వంచి, కిక్కు కొట్టాను. బండి నన్ను వదిలి పోయేటంత దూకుడుగా కదిలింది. రోజూ దిగి తోసే ఎత్తును మూడో గేరులోనే ఎక్కేసింది. నేను విజయోత్సాహంతో ఇంటి ముందు ఆగేసరికి, బావ మొదటి షిఫ్టు దిగి వస్తున్నాడు.

"ఎవలు చేసిండ్రురా?"

"నేనే బావా."

అక్క గుమ్మంలోనే ఉంది. రోకలి ఇంకా చేతిలోనే ఉంది. నా వైపు చూసింది. "మాటంటె మాటే. నీదే బండి, బామ్మర్దీ" అన్నాడు బావ. అక్క లోపలికి పోయి చాయ్ పెట్టింది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చెప్పలేదు. నా చాయ్‌లో చక్కెర వేయలేదు, అంతే.

తర్వాత అక్క ఆటో కోసం నిలబడేది. నేను ఆ దారిన పోకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. కొన్నాళ్లకు తన జీతంతోనే చిన్న మోపెడ్ కొనుక్కుని నా ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ సిగ్గుతోనే నేను పని నిజంగా నేర్చుకున్నాను. క్లచ్ వైరు, బ్రేక్ షూలు, చివరికి ఇంజన్ కూడా. నట్లు మిగలడం మానేశాయి.

మొన్న అక్క రిటైరైంది. నేను ఆ పాత స్కూటరుకు రంగు వేయించాను. ఇంట్లో ఇప్పుడు బొగ్గు కుప్ప లేదు గనక కమ్మరి కొలిమి దాకా పోయి సైలెన్సర్ కాల్పించి, బిగించి, తాళంచెవి అక్క చేతిలో పెట్టాను. "మా బామ్మర్ది చెయ్యి పడితె గంతే" అని బావ పాత కథ మొదలుపెట్టాడు. అక్క వినలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, బండిని వంచి లేపి, ఒక్క కిక్కుతో స్టార్టు చేసి, "ఎక్కు" అంది నాతో. ఇంజనీరుగారు బుద్ధిగా వెనక కూర్చున్నారు.

వీధి మొదట్లో ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాను. "అక్కా, ఆనాడు బండి బాగుచేసింది నువ్వే. తప్పయింది."

"ఏంది? వినవడ్తలేదు."

కాస్త గట్టిగా అన్నాను. వినబడలేదంది. (ఆ సైలెన్సర్ అంత చప్పుడు చేయదు. బిగించింది నేనే.) వీధి చివర తిప్పుకుని ఇంటి ముందుకు తెచ్చింది. బావ, చుట్టాలు, ఇప్పటికీ గట్టిగానే ఉన్న పక్కింటి అవ్వ, అందరూ గేటు దగ్గరే ఉన్నారు. గొంతెత్తి అరిచాను. "బండి బాగుచేసింది నువ్వే అక్కా. నేను అబద్ధం చెప్పిన. తప్పయింది, మాఫ్ చెయ్యి."

"ఆఁ, ఇప్పుడు వినవడ్డది" అని అక్క గేరు మార్చింది.