శాఖోపశాఖల ఛైర్మన్‌గారు

ఆయనకు ఉన్న జబ్బు ఒక్కటే. కొత్త శాఖ తెరవడం. కొంతమందికి పొద్దున్నే కాఫీ పడకపోతే తల తిరుగుతుంది. ఆయనకు మూడు నెలలకో శాఖ తెరవకపోతే ఒంట్లో నలతగా ఉండేది. ఆయన దుకాణం పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పది. అందులో నేను చివరిసారి లెక్కపెట్టినప్పుడు ఎనిమిది శాఖలున్నాయి. వీధిలో అందరూ ఆయన్ని ఛైర్మన్‌గారు అనేవాళ్లు. వెటకారంగా మొదలైన పిలుపే. కానీ ఆయన దాన్ని ఎంత మర్యాదగా పుచ్చుకున్నాడంటే, రెండేళ్లు తిరిగేసరికి వెటకారం అలిసిపోయి ఎటో వెళ్లిపోయింది, పిలుపు మాత్రం మిగిలింది.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ దుకాణం బోర్డు రాసేది నేనే. కుంచె పట్టి బతికినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక నన్ను పిలిచేవాడు లేకుండా పోయాడు. గంటలో అచ్చయి వచ్చేదానికి మూడు రోజులు నిచ్చెనెక్కి కూర్చునేవాడితో ఎవరికి పని? మిగిలిన ఖాతాదారు ఒక్క ఛైర్మన్‌గారే. బోర్డు సైజు పెరగదు, శాఖలు మాత్రం పెరుగుతాయి. అందుకని ప్రతిసారీ పాతవి చెరిపి, అక్షరాలు తగ్గించి, కొత్తదాన్ని ఇరికించాలి. చివరికి ఆ బోర్డు చదవాలంటే మళ్లీ నా నిచ్చెనే ఎక్కాల్సి వచ్చేది.

మొదట్లో ఉన్నది రేడియో రిపేరు ఒక్కటే. ఓరోజు ఎవరో టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చారు. 

"ఇది మా శాఖ కాదండీ" అన్నాడు ఈయన.

"మరి ఏ శాఖ?"

ఛైర్మన్‌గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ఆలోచించి, "రేపు రండి, తెరుస్తాం" అన్నాడు.

మర్నాడు ఒక స్టూలు గోడవారకు జరిగింది. అది గృహోపకరణాల శాఖ. అలా టీవీల శాఖ, పాటల క్యాసెట్ల శాఖ, మైకుల శాఖ వచ్చాయి. స్టూళ్లు అయిపోయాక కిటికీ అరుగు మీద వీడియో గేముల శాఖ వెలిసింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మొదటిసారి బోర్డు రాసినప్పుడు 'శాఖ' అనడానికి బదులు 'శాక' అని రాశాను. అక్షరం అందంగా కుదిరిందన్న సంబరంలో అది ఏ అక్షరమో చూసుకోలేదు. ఒకావిడ సంచీ పట్టుకుని లోపలికొచ్చి, "ఇక్కడ కూరగాయలు కూడా ఉంటాయా?" అని అడిగింది. ఈయన రెప్ప వాల్చకుండా, "ఆ శాఖ ఇంకా తెరవలేదమ్మా" అన్నాడు. తెరుస్తాడేమోనని నేను వారం రోజులు భయపడ్డాను.

ఇంట్లోనూ ఇదే వరస. కుళాయి కారుతోందని వాళ్లావిడ అంటే, "అది నీటి సరఫరా శాఖ" అనేవాడు పేపరు దించకుండా.

"ఆ శాఖకి పెద్ద ఎవరు?" అనేది ఆవిడ.

"ఇంకా నియమించలేదు."

"ఇప్పుడే నియమించాను. లేవండి."

ఇక దుకాణంలో శాఖాధిపతుల సంగతి. ఉన్నది ముగ్గురు. మొదటిది టెలిఫోన్ అక్కయ్య. ఇరవై ఏళ్లు ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరి మాటలన్నీ కలిపిన మనిషి. ఎక్స్ఛేంజిలో మిషన్లు దిగాక ఇక్కడ వినియోగదారుల శాఖకు వచ్చింది. ఎవరైనా ఫోను చేసి టీవీ సంగతి అడిగితే, "లైన్లో ఉండండి, టీవీల శాఖకి కలుపుతున్నాను" అని, కాసేపు ఊరుకుని, రిసీవరు పక్కనే నిలబడ్డ ఛైర్మన్‌గారికి అందించేది. ఆయనకి, ఆవిడ కుర్చీకి మధ్య దూరం ఒక మూర.

రెండోవాడు ఆపరేటర్. మూతబడ్డ సినిమా హాల్లో రీళ్లు తిప్పినవాడు. ఇతనిది చలనచిత్ర శాఖ. ఆస్తి ఒక ప్రొజెక్టరు, ఒక తెల్ల దుప్పటి. ఎవరైనా అద్దెకు పిలిస్తే వెళ్లి గోడ మీద సినిమా వేసి వచ్చేవాడు. ఎంత చిన్న సినిమా అయినా సరిగ్గా సగంలో ఆపి "విశ్రాంతి!" అని అరిచేవాడు. ఒకసారి ఎవరిదో పెళ్లి వీడియో వేస్తూ, తాళి కట్టబోతుండగా ఆపాడు. పెళ్లికొడుకు తల్లి అప్పటికే జరిగిపోయిన పెళ్లికి మళ్లీ కంగారుపడింది.

మూడో ఆయన వాచీల పెద్దాయన. చూపు మందగించి గడియారాల్లో సన్న మరలు కనపడక కొట్టు ఎత్తేసినవాడు. ఈయన రిమోట్ల శాఖ. రిమోటు చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. 

"నడవట్లేదు" అనేవాడు.

"రిమోటు చప్పుడు చెయ్యదు కదండీ" అని నేనంటే, "అందుకేగా నడవట్లేదంటున్నాను" అనేవాడు. అన్నాక విప్పి బాగుచేసేసేవాడు. అదెలాగో నాకిప్పటికీ తెలీదు.

సోమవారం సోమవారం శాఖాధిపతుల సమావేశం. అందరూ కుర్చీలు లోపలివైపు తిప్పుకుంటే అదే సమావేశం. "దూరాభారం అనుకోకుండా విచ్చేసినందుకు సంతోషం" అని మొదలుపెట్టేవాడు ఛైర్మన్‌గారు. వెనక గోడ మీద సంస్థ ఎదుగుదల చూపించే గీత ఒకటి నాతోనే గీయించాడు. శాఖ తెరిచినప్పుడల్లా అది పైకి వెళ్లేది. వెళ్లి వెళ్లి ఒకనాడు కప్పుకు తగిలింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగుతారు. ఈయన నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కప్పు మీద గీయించాడు.

ఈ పిచ్చికి మూలం ఒక పెద్ద కంపెనీ. టీవీలు తయారుచేసేదీ అదే, సినిమాలు తీసేదీ అదే, పాటలూ ఆటలూ అమ్మేదీ అదే. ఆ కంపెనీ ఏటా వేసే నివేదిక ఒకటి ఎక్కడో సంపాదించి, అట్ట వేసి దాచుకున్నాడు. అందులో మొదటి పేజీ ఆయనకు కంఠతా వచ్చు. 'ఒక చిన్న గదిలో, ఒక బల్లతో మొదలై...' అన్న చోట గొంతు గద్గదమయ్యేది. ఆ కంపెనీ టీవీలకు ఈ ఊళ్లో డీలరు కావాలని ఆయన కోరిక. పదకొండేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడు. అక్కణ్ణుంచి ఎప్పుడూ జవాబు రాలేదు. పన్నెండో ఏడు వచ్చింది. చూడ్డానికి అధికారిని పంపిస్తున్నామని.

ఆ వారం ఆయన కాళ్లు నేలమీద లేవు. బోర్డు కొత్తగా రాయమని నన్ను పిలిచాడు. అధికారి వచ్చిన పొద్దున నేను గుమ్మం పైన నిచ్చెన మీదే ఉన్నాను. టై కట్టుకున్న మనిషి. దురుసువాడేం కాదు, చల్లగా మాట్లాడాడు. లోపలికొచ్చి ఒక్క చూపులో ఎనిమిది శాఖలూ చూసేశాడు. తల తిప్పక్కర్లేని విస్తీర్ణం.

"మీ సంస్థ ఎదుగుదల ఎలా ఉందండీ?" అన్నాడు.

ఛైర్మన్‌గారు ఛాతీ విరుచుకుని గోడ మీది గీత చూపించి, దాని వెంటే వేలు పైకి పోనిచ్చి, కప్పు కూడా చూపించాడు.

"ఇది శాఖల సంఖ్య కదా? నేనడిగేది ఆదాయం."

"ఆ శాఖ ఇంకా తెరవలేదండీ."

అధికారి నవ్వాడు. నవ్వి, ఉన్న మాట చెప్పాడు. డీలరుషిప్ ఇస్తారు. ఇవాళే సంతకం. కానీ దుకాణంలో వాళ్ల టీవీలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మిగతా బల్లలు తీసెయ్యాలి. దీపాలతో వెలిగే బోర్డు కంపెనీయే పంపిస్తుంది. ఈ చివరి మాట నాకు సూటిగా తగిలింది. చేతిలో కుంచె ఉందన్న సంగతి మరిచి, ప్యాంటుకు ఆకుపచ్చ రంగు పూసుకున్నాను.

ఛైర్మన్‌గారు ముగ్గురివైపు తిరిగి, "సమావేశం వాయిదా. అందరూ వెళ్లి టీ తాగి రండి" అన్నాడు. వాళ్లు లేచి వెనక వసారాలోకి వెళ్లారు. తలమీదున్న నన్ను మరిచిపోయాడు.

"చూడండి," అన్నాడు గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదటిసారి. "ఆ పెద్దాయనకి చూపు తగ్గింది. నా దగ్గరికొచ్చి కూర్చోండి అంటే, జాలి పడుతున్నావా అంటాడు. అదే, రిమోట్ల శాఖ పెడుతున్నాను, తెలిసిన మనిషి లేక చస్తున్నాను అన్నానో లేదో, జీతం దగ్గర నాతో గట్టిగా బేరమాడి మరీ వచ్చాడు. ఆ అక్కయ్య ఉద్యోగం పోయాక ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడలేదు. హాలు మూసేశాక మావాడు రోజూ ఆటల వేళకి వెళ్లి ఆ మూసిన తలుపుల ముందు నిలబడేవాడు. రమ్మంటే మనిషి చిన్నబోతాడండీ. 'నువ్వు మాకు కావాలి' అంటే వస్తాడు. దానికి శాఖ ఉండాలి కదా?"

"ఇలా వ్యాపారం పెరగదండీ" అన్నాడు అధికారి.

"మీ కంపెనీ పెరగలేదూ? నేను దాని నివేదికంతా చదివాను. ఎందుకు పెరిగిందో మాత్రం ఎక్కడా రాయలేదు. ఇందుకేనేమో అనుకున్నాను."

అధికారి కాగితాలు సంచీలో పెట్టుకుని, ఛైర్మన్‌గారి చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి, వెళ్లిపోయాడు. సంతకం కాలేదు.

నిచ్చెన మీద నాకు అప్పుడు ఒకటి వెలిగింది. ఆ మధ్య ఏడాదంతా నాకు ఒక్క పనీ లేదు. ఆ ఏడాదే ఈయన 'మైకుల శాఖ' చెరిపించి 'ధ్వని శాఖ' అని రాయించాడు. నెలకి అది చెరిపించి 'శబ్ద శాఖ' అన్నాడు. ఇంకో నెలకి మళ్లీ 'మైకుల శాఖ'. తిక్క మనిషి అని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పి నవ్వాను కూడా. కిందికి దిగి, "ఛైర్మన్‌గారూ, మరి నా సంగతేంటి?" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. సర్దుకుని, "నీకేం? నీ రాత బాగోక మళ్లీ మళ్లీ రాయిస్తున్నా" అన్నాడు.

మర్నాడు ఆయన దుకాణానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాళ్లావిడే వచ్చింది.

"ఆయనకేమైందో తెలీట్లేదు. మూడు రోజుల్నించి ఒక్క శాఖ పేరూ ఎత్తలేదు. ఇవాళ నేను అడక్కుండానే లేచి కుళాయి బాగుచేశారు. నాకు భయంగా ఉంది" అంది. చెబుతూనే కళ్లొత్తుకుంది. "ఇంక నాకక్కడ పనేముంది, కుర్రాళ్లు చూసుకుంటారులే అంటున్నారు."

ఆ కుర్రాళ్లలో ఒకాయనకు డెబ్బై రెండేళ్లు.

ఆవిడ వెళ్లాక టెలిఫోన్ అక్కయ్య తలుపు దగ్గరగా వేసింది. "ఆ రోజు ఆయన అన్నదంతా నేను విన్నాను. ఇరవై ఏళ్లు ఊరందరి మాటలూ విన్నదాన్ని, ఒక్క గోడ అవతలిది వినపడదా? వీళ్లకీ చెప్పాను" అంది. తర్వాత చుట్టూ చూసింది. "ఈ గదిలో అందరికీ కుర్చీ ఉంది. ఆయనకేదీ?"

అప్పుడు చూశాం. నిజంగానే లేదు. రేడియోలు రావడం మానేశాక తన బల్లా కుర్చీ పెద్దాయనకిచ్చేశాడు. అప్పట్నించీ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. మేమది హోదా అనుకున్నాం. నాకు నామీద నాకే సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే నలుగురం ఇల్లిల్లూ తిరిగి పాత రేడియోలు పోగుచేశాం. ఇరవై మూడు దొరికాయి. తెచ్చి పెట్టి చూస్తే పాడైనవి రెండే. మిగతావన్నీ లక్షణంగా పాడుతున్నాయి. ఆపరేటర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం, "దానికేం, పాడు చేద్దాం" అని పట్టకారు తీశాడు. వాటన్నిటినీ ఒక్కొక్కటే విప్పి, ఒక్కో తీగ పీకి, మళ్లీ బిగించేశాడు. జీవితమంతా బాగుచేసిన చేతులు, పాడు చెయ్యడానికి పడ్డ ఇబ్బంది చూడాలి. ప్రతిదానికీ "ఏమనుకోకు" అని చెప్పి మరీ పీకాడు.

నాలుగో రోజు పొద్దున టెలిఫోన్ అక్కయ్య ఆయన ఇంటికి ఫోను చేసింది.

"నమస్కారమండీ. పాత రేడియోల శాఖ నుంచి మాట్లాడుతున్నాను."

"అలాంటి శాఖ మనకి లేదే?" అన్నాడు ఛైర్మన్‌గారు.

"నిన్ననే తెరిచామండీ. సరుకు దిగిపోయింది. పని తెలిసినవాళ్లు లేక ఇబ్బందిగా ఉంది. మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"

పావుగంటలో వచ్చేశాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. వస్తూనే, "జీతం ఎంతిస్తారు?" అన్నాడు. ఆపరేటర్ ఒక మాట చెబితే కుదరదన్నాడు. కాసేపు లాగి, చివరికి రోజుకి రెండు టీల దగ్గర ఒప్పందమైంది. కొత్తగా వేసిన బల్ల ముందు, కొత్తగా తెచ్చిన కుర్చీలో కూర్చుని, మొదటి రేడియో విప్పాడు.

"స్పీకరు తీగ ఊడింది" అన్నాడు.

రెండోది విప్పాడు. స్పీకరు తీగ. మూడోదీ అంతే. ఆపరేటర్ గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. అక్కయ్య మోగని ఫోను ఎత్తి "లైన్లో ఉండండి" అంది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎనిమిదోది విప్పాక ఛైర్మన్‌గారు తల ఎత్తి, మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. నా మొహం మీద చూపు కాసేపు నిలిచింది. నేను నిచ్చెన సర్దుకున్నాను.

"అన్నిటికీ ఒకటే జబ్బు" అన్నాడు మెల్లిగా.

పెద్దాయన పట్టకారు జేబులో దాచుకున్నాడు.

ఆయన టంకం కడ్డీ వేడిపెట్టి, తొమ్మిదో రేడియో ముందుకు లాక్కున్నాడు. "ఇది అంటువ్యాధి," అన్నాడు. "వీధంతా పాకేలా ఉంది. ఈ శాఖకి మంచి భవిష్యత్తుంది."