కమలాక్షి తప్పు చుట్టు

మదనపల్లె ఆసుపత్రిలో పోలియో పిల్లోళ్ళ కాళ్ళకు కట్టే ఇనపపట్టీలు, కాలిపర్లు, చేసేవాణ్ణి నేను. పేరు సత్యవేదం. నిమ్మనపల్లె కమలాక్షికి ఐదేళ్ళప్పటినుంచి కొలతలు తీసింది నేనే. రెండు కాళ్ళూ సచ్చుబడినా నోరు మాత్రం ఊరంత.

రాగుల కళ్ళంలో వాళ్ళ నాయన గంగులప్ప ఆయమ్మిని కుప్ప పక్కన కూర్చోబెట్టేవాడు. చిటికెడు పొట్టు పైకేసి సూసి, "గాలొస్తాండాది, ఎత్తండి!" అనేది. అప్పుడే అందరూ చాటలెత్తేది. ఆయమ్మి మాట ఒక్కనాడూ తప్పలే.

2004లో చెన్నైలో నడవలేనోళ్ళకు తెరచాప పడవల పందెం నేర్పుతారని తెలిసి, నేనే పేరు రాయిస్తి. "తాగేదానికి నీళ్ళు లేని సీమలో పడవంట! నీకేమన్నా పిచ్చా సత్యవేదమప్పా?" అన్నాడు గంగులప్ప. అయినా పుంగనూరు మీద కుప్పం పోయి రైలెక్కినాం.

సిన్న పడవ. అడుగున బరువు కట్టింటారు, బోల్తా పడదు. కుర్చీలో మాదిరి ముందుకు సూస్తా కూర్చొని, చేతిలో కర్రతో తిప్పుకోవాల. కాళ్ళతో పనే లేదు. పదిరోజుల్లో నేర్చేసింది.

కడాపట పందెం. పన్నెండు పడవలు. మొదటి ముగ్గురికే పెద్ద పందేలకు పోయే జట్టులో చోటు. "లేదంటే మళ్ళా మనూర్లో చేతిమిషన్ తిప్పుకుంటా జాకెట్లు కుట్టాల్సిందే. నేను పోనన్నా," అనింది.

అందరికన్నా ముందు పోయింది మా కమలాక్షి. నీళ్ళమీద తేలే ఎర్ర డ్రమ్మును ఎడంచేతి పక్క పెట్టుకోని తిరగాల. ఏం చేసిందో తెల్సా? కుడిచేతి పక్క పెట్టుకోని తిరిగింది! పుట్టినప్పటినుంచి నాయన సంకనెక్కి, గుడిని కుడిపక్క పెట్టుకోని ప్రదక్షిణం చేసిన బుద్ధి! నేను చర్చికి పోయేవాణ్ణి, నాకా అలవాటు లేదు గాబట్టి తప్పని ఎంటనే తెలిసిపాయ. పందెం సూసేవాళ్ళను ఎక్కించిన లాంచీలో నుంచి అరుద్దామంటే, బయటోళ్ళు చెప్తే పందెంలోనుంచి తీసేస్తారు. నోట్లో తుండుగుడ్డ కుక్కుకోని మొగం తిప్పుకుంటి.

పక్కనోళ్ళు కేకలేస్తే మళ్ళా సూస్తి. వెనకొచ్చే పడవలు ఇంగోపక్కనుంచి తిరగడం ఆయమ్మి సూసినట్టుంది. నేను సూసేటప్పటికే వచ్చిన దోవనే వెనక్కి తిరిగొచ్చి, తప్పు చుట్టు విప్పుకోని, డ్రమ్మును ఎడంపక్క పెట్టుకోని మళ్ళా తిరుగుతాండాది. అప్పటికి అందరూ దాటేసిరి. పన్నెండో పడవ మాదే.

అంతలో గాలి పడిపోయింది. అన్ని చాపలూ యాలాడినాయి. ఆయమ్మి తలెత్తి అటూ ఇటూ సూసింది. కుడివైపు దూరంగా గాలి తాకినట్టు నీళ్ళు నల్లబడి వణకతాండాయి. అందరూ గట్టుపక్కకు పోతాంటే, ఒంటరిగా అటు తిప్పింది. నాకు కళ్ళం యాదికొచ్చింది. గాలొచ్చింది! ఒక్కొక్కరినే దాటుకుంటా మూరెడు తేడాతో మూడోదిగా వచ్చి పడింది. నేను సిన్నపిల్లోడి మాదిరి ఏడ్చేస్తి.

ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాంటే అడిగింది: "తప్పు తిరుగుతాంటే సూసి కూడా అరవకుండా అంత నిమ్మళంగా ఎట్లుండావన్నా? తిరిగొస్తానని అంత నమ్మకమా?"

అబద్ధమాడబుద్ధి కాలే. "లేదమ్మా. అయిపోయిందనుకోని మొగం తిప్పుకున్నా. నువ్వు వెనక్కి తిరిగింది నేను సూడనేలే."

నన్ను ఎగాదిగా సూసింది. "ఇంగోసారి మొగం తిప్పుకున్నావంటే, నువ్వు చేసిన కాలిపర్‌తోనే కొడతా," అనింది.