గేటు టైము

నా పనిలో ఎవరైనా వేలు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు కాస్త తగ్గిందిగానీ, ఆ రోజుల్లో మంట పైకే కనిపించేది. ఇంజనీరింగ్ పూర్తిచేసి రెండేళ్ళయింది. మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నేను ఊళ్ళో ఒక చిన్న కంప్యూటర్ల సంస్థలో పనిచేసేదాన్ని. రెండువేల దశకం చివరి సంగతి ఇది.

పోర్టు పక్కన స్టీలు కాయిల్స్, అంటే పెద్ద పెద్ద ఉక్కు రేకు చుట్టలు, దించి ఎక్కించే ఒక ప్రైవేటు యార్డు ఉండేది. అక్కడ కార్మికుల హాజరు రాసుకునే కంప్యూటరు ముసలిదైపోయింది. గేటు దగ్గర కార్డు పెడితే కుయ్యిమని అరిచి, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో ఆ డబ్బాలో నమోదయ్యేది. దాని హార్డ్‌డిస్కు కాఫీగింజలు మర పట్టినట్టు చప్పుడు చేస్తోంది. కొత్తది పెట్టే పని మా సంస్థకి వచ్చింది. మా బాస్ ఆ పనిని మొట్టమొదటిసారి నా ఒక్కదాని చేతికే ఇచ్చాడు.

ఈసారి డబ్బా బదులు డబ్బా రాలేదు. ఆ హాజరు సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళు దాన్ని వర్చువల్ అప్లయన్సుగా పంపారు. అంటే అన్నీ ముందే అమర్చిన కంప్యూటరు మొత్తం ఒక ఫైలుగా వస్తుంది. మన సర్వరు మీద హైపర్‌వైజరు అనే ప్రోగ్రాము వేసి, ఆ ఫైలు ఎక్కిస్తే, లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టే నడుస్తుంది. మా అమ్మ ఏం పనే అది అని అడిగితే, వాళ్ళు కూర వండి క్యారేజీలో పంపారు, మనం పొయ్యి వెలిగించి వేడి చేసుకోవడమే అని చెప్పాను. ఇంత చదివించింది కూర వేడిచెయ్యడానికా అంది.

అంత తేలిగ్గా ఏం కాలేదు లెండి. ఏసీ లేని గది, బయట ఇనప దుమ్ము, లోపల ఉక్క. హైపర్‌వైజరు ఎక్కింది, ఫైలూ ఎక్కింది, కానీ గేటు దగ్గరి కార్డు యంత్రాలు దానికి కనిపించవు. లోపలి కంప్యూటరు నెట్‌వర్కుని బయటి కేబులుకి సరిగ్గా కలపలేదని రెండో రోజు మధ్యాహ్నానికి తెలిసింది. నా మొహం, నేనే ఒక చోట టిక్కు మర్చిపోయాను. ఐపీ నంబరు ఇచ్చి, మెమరీ కాస్త పెంచి, మళ్ళీ నడిపిస్తే గేటు దగ్గర కార్డు కుయ్యిమంది, నా తెరమీద పేరు పడింది. ఆ సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

చివర్లో టైము. అప్లయన్సు విదేశీ టైముతో వచ్చింది, మన టైముకి అయిదున్నర గంటలు వెనక. చాలామంది అది చూసుకోరు. నేను చూశాను. మన దేశం టైము పెట్టి, ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునేలా కట్టిపడేశాను. అబ్బో, ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

అప్పుడే టైమాఫీసు బాబాయ్ లోపలికి వచ్చాడు. వరసకి బాబాయ్ కాదు, అందరూ అలాగే పిలిచేవారు. గేటు పక్క గదిలో కూర్చుని రిజిస్టరు రాయడం, షిఫ్టుకి సైరను మోగించడం ఆయన పని. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. చేతిలో టీ గ్లాసు, నాకే తెచ్చాడు.

“పాపా, ఒక మాట. పాత డబ్బా పావుగంట ముందుండీది. నానే ఎట్టీవోణ్ని. గేటు గడియారమూ అంతే. దీన్నీ అలగే ఎట్టీయ్.”

“ముందు పెట్టడమేంటి బాబాయ్? ఇది సెకనుతో సహా కరెక్టు టైము చూపిస్తుంది. చెయ్యి పెట్టకూడదు.”

“అది కాదు తల్లీ, మా గేటు టైము ఏరు. ఎందుకంటే...”

ఫోను మోగింది. మా బాస్. పనైందా లేదా అని. నేను ఫోను చెవిన పెట్టుకునే బాబాయ్ వైపు చెయ్యి ఊపాను, తర్వాత చూద్దాం అన్నట్టు. తర్వాత చూడలేదు. పైగా బాస్‌తో, “ఇక్కడ గడియారాలు కూడా నేనే దిద్దాలి సార్” అని నవ్వాను. బాబాయ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పాత డబ్బా ఆపేసి, కొత్తది పనిలో పెట్టి నేను ఇంటికెళ్ళిపోయాను.

నాలుగో రోజున యార్డులో ప్రమాదం జరిగింది. పొద్దుటి షిఫ్టు అయిపోవస్తోంది. క్రేను ఎత్తిన కాయిల్‌కి కట్టిన స్లింగు, అంటే ఇనప తాడు, ఒక పక్క జారి, కింద నిలబడ్డ కూలీ కాలు నుజ్జయింది. అతన్ని వెనక గేటు నుంచి జీపులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు నన్ను యార్డుకి పిలిపించారు. మేనేజరు ఊళ్ళోని ఆఫీసులోనే ఎక్కువ ఉంటాడు, యార్డుకి వారానికి రెండు సార్లు, అదీ పదకొండింటికి వచ్చేవాడు. విజయవాడ వైపు మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు.

“చూడమ్మా. ప్రమాదం ఒంటిగంటా యాభై అయిదుకి అని రిజిస్టర్లో ఉంది. క్రేను ఆపరేటరు గేటు దాటింది ఒంటిగంటా యాభై రెండుకి అని నీ మెషిన్ చెబుతోంది. అంటే లోడు గాల్లో వేలాడదీసి, మూడు నిమిషాల ముందే వెళ్ళిపోయాడు. క్రేను మీద మనిషి లేడు. నీ మెషిన్ టైము కరెక్టేనా?”

నా పని మీద అనుమానం! చురుక్కుమంది. “సెకనుతో సహా కరెక్టండి.”

“అయితే అదే రాసివ్వు.”

మా సంస్థ పేరున్న కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. బయటికొస్తే ఆ ఆపరేటరు వరండాలో నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా జేబులో కార్డు. సస్పెండ్ చేశారని, మర్నాడు ఎంక్వైరీ తర్వాత తీసేస్తారని అప్పటికే తెలిసిపోయింది. పక్కనే ఉన్న అతని రిలీవరు, తర్వాతి షిఫ్టుకి క్రేను ఎక్కేవాడు, “బావా, నువ్వు గాబరా పడకు, నానొచ్చీదాకా నువ్వు పైనే ఉన్నావని సెప్తాను” అంటున్నాడు. చెప్పినా మేనేజరు వినలేదట. మీరంతా ఒకటే అన్నాడట.

ఆపరేటరు నన్ను చూసి దగ్గరకొచ్చాడు. “మేడం, నాను పైనే ఉన్నాను. స్లింగు జారితే కాయిల్‌ని నిమ్మళంగా కిందికి దించింది నానే. దించకపోతే ఆడు సచ్చిపోదుడు. రిలీవరొచ్చాకే దిగినాను. ఆ మిసను ఎప్పుడైనా తప్పు సూపిత్తాదేటి?”

“మెషిన్ తప్పు చూపించదండి” అన్నాను. ఆ మాట అతని మొహం మీద అన్నాను. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఎంక్వైరీకి నన్నూ రమ్మన్నారు. ఆ రోజు పొద్దున్నే బాబాయ్ నన్ను వెతుక్కుంటూ సర్వరు గదికి వచ్చాడు. ముందురోజు సెలవులో ఉన్నాడు, విషయం అప్పుడే తెలిసిందట. చెప్పులు కూడా బయట విడవలేదు.

“పాపా, కొంప మునిగిపోనాది. రిజిస్టరు నాను గోడ గడియారం సూసి రాసినాను. దెబ్బ తగిలిందని యార్డు నించి ఫోనొచ్చినప్పుడు గేటు టైము ఒకటీ యాబైయైదు. అంటే మీ టైము ఒకటీ నలబై. క్రేనోడు గేటు దాటినప్పుడు మా గడియారం రెండూ ఏడు. పన్నెండు నిమిసాలు తరవాతే ఎల్లినాడు తల్లీ.”

సరైన టైము రాసే నా మెషినూ, పావుగంట ముందు నడిచే ఆయన గడియారమూ. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక మనిషి పొట్ట కొడుతున్నారు. దానికి సంతకం నాది.

“అసలు ఎందుకు బాబాయ్ పావుగంట ముందు?” అని అడిగాను. ఎప్పుడు అడగాల్సిన ప్రశ్న!

“షిఫ్టు దిగీది రెండింటికి, బస్సూ రెండింటికే పాపా. అది తప్పిపోతే మూడున్నర దాకా ఇంకోటి నేదు. అంత దూరం పెందుర్తోల్లున్నారు, పూర్ణా మార్కెట్టుకెల్లి కొట్లో కూకునీవోల్లున్నారు. అందుకని అందరం ఒప్పుకునే పావుగంట ముందుకెట్టుకున్నాం. పావుగంట ముందొత్తారు, పావుగంట ముందెల్తారు. కంపినీకి నట్టం నేదు. ఎనకటి మేనేజరుకి తెలుసు. ఈ బాబుకి ఎవులూ సెప్పనేదు.”

ఇక ఏడుస్తూ కూర్చోలేదు. పాత డబ్బాని మళ్ళీ వెలిగించాను. దేవుడి దయ, ఇంకోసారి పలికింది. పాత దానిలో, నేను ఆపేసే దాకా రోజూ, పొద్దుటి షిఫ్టు మొత్తం రెండూ అయిదుకీ రెండూ పదికీ మధ్య గేటు దాటింది. కొత్త దానిలో అదే షిఫ్టు మొత్తం ఒకటీ యాభైకీ ఒకటీ యాభై అయిదుకీ మధ్య. ఒక్కడు కాదు, అందరూ. రిలీవర్లు రావడమూ అంతే తేడాతో. రెండూ ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. దారిలో ఒకటే అనుకున్నాను, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను, బాబాయ్ ముందే చెప్పాడు, నేనే వినలేదు అని.

మేనేజరు గదిలో ఆపరేటరు ఒక పక్క, బాబాయ్ ఇంకో పక్క నిలబడ్డారు. కాగితాలు బల్ల మీద పరిచి చూపించాను. మేనేజరు తెలివైనవాడే. వేలు పెట్టి ఒక్కో వరసా చూశాడు. గేటుకి మనిషిని పంపి గోడ గడియారం తెప్పించి తన ఫోను పక్కన పెట్టుకున్నాడు. పావుగంట తేడా. గడియారాన్ని పక్కకి జరిపాడు. తర్వాత ఆపరేటరుతో, “నువ్వు రేపట్నుంచి డ్యూటీకి రా” అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. నా మాట ఇంకా గొంతులోనే ఉంది. ఈలోపు మేనేజరు గొంతు పెరిగింది. “ఒక మనిషి ఉద్యోగం పోయేది. ఈ తేడా సంగతి కొత్త సిస్టం పెట్టే అమ్మాయికి చెప్పాలా వద్దా? చెప్పావా?”

బాబాయ్ నా వైపు చూడలేదు. “నేదు బాబూ. సెప్పనేదు. మర్సిపోనాను.”

నాకు అర్థం కాలేదు ముందు. తప్పు విన్నానేమో అనుకున్నాను. మేనేజరు నా వైపు తిరిగాడు. “నీకు ఎవరూ చెప్పలేదా అమ్మా?”

బల్ల మీద నా సంతకం ఉన్న కాగితం ఉంది. మా బాస్ ఉన్నాడు, మొదటి పని ఉంది, ఇంట్లో నాన్న నా గురించి పోర్టులో అందరికీ చెప్పుకున్న గొప్పలున్నాయి. ఇవన్నీ అప్పుడు లెక్కేసుకున్నానని కాదు. ఇప్పుడు సాకులు వెతుక్కుంటున్నాను, అంతే. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఒకటే.

“లేదండి.”

బాబాయ్‌ని ఆ రోజే టైమాఫీసు నుంచి తీసేసి, వెనక యార్డులో కాపలాకి వేశారు. మిగిలిన రెండేళ్ళూ ఎండలో.

గేటు దాకా వచ్చాక ఆయన్ని అడుగుదామనుకున్నాను, ఎందుకలా చెప్పారని. పక్కకి పిలిచేలోపు ఆపరేటరు నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. కళ్ళనిండా నీళ్ళు.

“మీరు నిజం సెప్పబట్టి నా పిల్లలు అన్నం తింతారమ్మా. ఈల్లెవులూ సెప్పరు. సదువుకున్నోరు, మీరు సెప్పినారు.”

బాబాయ్ మాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, గడియారం తీసేసిన గదికి తాళం వేస్తున్నాడు. అన్నీ వింటూనే ఉన్నాడు. నేను ఆపరేటరుకి తిరిగి నమస్కారం పెట్టి, పర్లేదండీ అన్నాను.