పల్చన అని నేను రాసిన బండలు

మా వీధి బండల మామ పోయిన నెల చనిపోయాడు. పొద్దున్నే పాలిష్ మిషను దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాటొకటి నేను చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మధ్య చుట్టరికం లేదు. బేతంచెర్లలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఆయన ఇల్లు, దాని వెనకే బండలు పాలిష్ పట్టే షెడ్డు. వీధంతా ఆయన్ని మామ అనే పిలిచేది. ఎవరింటికి వెళ్లినా ముందు నేల చూసేవాడు, తర్వాతే మనుషుల్ని. బండను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. మోత నచ్చకపోతే ఏమీ అనకుండా పక్కన పెట్టించేవాడు. అట్లా పక్కన పెట్టినవాటితోనే ఆయన సొంతింటి నేల తయారైంది.

నేను ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా పనిచేశాను. మా శాఖ ఆడపిల్లల హాస్టలు కడుతుంటే నేలకు బండలు వేసే పని మామకు వచ్చింది. పరచకముందు బండల మందం, పని అయ్యాక నేల కొలతలు తీసింది నేనే. టేపు రెండో కొస ఆయన పట్టుకున్నాడు.

"నా మొగం జూసి కొల్చొద్దప్పా. రాయిని జూసి కొల్చు" అన్నాడు.

రాయిని చూసే కొలిచాను. ఎక్కడా తేడా లేదు. మర్నాడు మా పెద్ద సారు పిలిచి, మందం తక్కువని రాయమన్నాడు. మామ ఆయన చెయ్యి తడపలేదు, అంతే. అప్పుడు నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీద ఉంది. కొలతల పుస్తకంలో మందం తక్కువని రాసి సంతకం పెట్టాను. బిల్లు ఆగిపోయింది.

మామ హైకోర్టుకు వెళ్లాడు. మా శాఖ తన జవాబుతో పాటు నేను రాసిన పేజీని కూడా కోర్టుకిచ్చింది. ఆ వారమే వీధిలో ఎదురుపడ్డాడు.

"లాయరు సూపిచ్చినాడప్పా నీ సంతకం. శానా అందంగుండాది."

ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

కేసు ఏళ్లు నడిచింది. ఈలోగా ఆయన ఒక మిషను అమ్ముకున్నాడు. ప్రభుత్వ పనులు రావడం మానేశాయి. ఊళ్లో కొందరు ఆయన్ని పల్చబండల మామ అనడం మొదలుపెట్టారు. చివరికి, నోటీసు ఇవ్వకుండా, ఆయన మాట వినకుండా బిల్లు ఆపడం తప్పని కోర్టు తేల్చింది. రెండు నెలల్లో డబ్బు కట్టమంది. మా వాళ్లు కట్టలేదు. మామ కోర్టు ధిక్కారం కేసు వేశాడు. అధికారి స్వయంగా రావాలని ఉత్తర్వు వచ్చాక గానీ మా ఆఫీసులో ఫైలు కదల్లేదు.

అప్పటికి పాత సారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి కొత్తగా వచ్చినాయన చేతులు కట్టుకుని జడ్జి ముందు నిలబడ్డాడు. ఫైలు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. ఆ ఉదయమే డబ్బు మామ ఖాతాలో పడింది. అధికారి క్షమాపణ చెప్పుకున్నాడు. కేసు ముగించవచ్చా అని జడ్జి అడిగితే, మామ తన లాయరు పక్క నుంచి ముందుకొచ్చాడు.

"దుడ్లు అందినాయి సామీ. ఆ సారును ఏమీ అనొద్దు. నా బండలు పల్చగుండాయని రాసిన మాట మాత్రం అట్లే ఉండాది. దాన్ని కొట్టేయమని చెప్పండి."

జడ్జి ఓపిగ్గానే విన్నాడు. ఇది ధిక్కారం కేసు, డబ్బు చెల్లించారా లేదా అన్నంతవరకే ఇక్కడ చూస్తాం, దానికి వేరే దారి వెతుక్కోండి అన్నాడు. ఆ మాట కొట్టేయగలిగినవాణ్ని నేను ఆ గదిలోనే ఉన్నాను. ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాను.

కోర్టు నుంచి ఊరికి తిరిగొస్తూ, విజయవాడ బస్టాండులో మామే నాకు టీ ఇప్పించాడు.

"ఇంగ కోర్టులు నాతో కాదప్పా. కొలత తప్పు రాసినానని నువ్వు ఒక కాయితం రాసిస్తే సాలు."

"రిటైరయినాక రాసిస్తా మామా."

"సరే" అన్నాడు.

నేను రిటైరై రెండేళ్లయింది. మొదట పింఛను మంజూరు కానీలే అనుకున్నాను. మంజూరైంది. తర్వాత కూతురి పెళ్లి కానీలే అనుకున్నాను. అదీ అయింది. ఆయన మళ్లీ అడగలేదు. కనపడినప్పుడల్లా నా మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగేవాడు. అడిగినందుకు బదులు చెప్పి, త్వరగా అక్కడ్నించి తప్పుకునేవాణ్ని.

దినాలు అయిపోయాక కాగితం రాసి సంతకం పెట్టి వాళ్లింటికి వెళ్లాను. మామ భార్య, మా వీధికంతా అత్త, ఆమెకు చదువు రాదు. చదవమంది. హాస్టలు బండలు సరైన మందంతోనే ఉన్నాయని, తక్కువని రాసింది అబద్ధమని, ఆ అబద్ధం నాదేనని చదివాను. ఆమె నా వైపు చూడలేదు.

"ఈ మాట ఆయప్ప ఇనుంటే బాగుండు" అంది.

నేను కాగితం మడవబోయాను. ఆమె లేచి వెనక తలుపు తీసింది. షెడ్డులో మామ దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఇద్దరు మనుషులు పాలిష్ పడుతున్నారు.

"ఆ మిషను ఆపి ఈడికి రాండప్పా" అని పిలిచి, నాతో, "మళ్లీ సదువు. కొంచెం గట్టిగా" అంది.

మిషను మోత ఆగింది. వాళ్లు గడప అవతలే నిలబడ్డారు. నేను మొదటి నుంచి చదివాను. చదువుతున్నంత సేపూ వాళ్ల మోచేతుల నుంచి బూడిదరంగు నీళ్లు చుక్కచుక్కగా నేల మీద పడుతూనే ఉన్నాయి.