టోపీతో వెళ్లిన విచారణ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను తెనాలికి వేశారు. అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్‌ని, రిటైర్‌మెంటుకు రెండేళ్లు కూడా లేదు. పాస్‌పోర్టు విచారణలు నా పని. దరఖాస్తులో రాసిన చిరునామాలో మనిషి నిజంగా ఉంటున్నాడా, రాసిన వివరాలు సరైనవేనా, కేసులేమైనా ఉన్నాయా అని చూసి, ఇరుగుపొరుగులో ఇద్దరిని అడిగి నివేదిక రాయాలి. ఇది మఫ్తీలో, అంటే యూనిఫాం లేకుండా చేసే పని.

ముందు మనమెవరమో చెప్పి, ఆ తర్వాతే అడగాలన్నది నియమం. నేను అలా చేసేవాణ్ణి కాదు. పోలీసు అనగానే మనవాళ్ల నోళ్లు మూతపడతాయి. ఊరికే పలకరించినట్టు అడిగితే అడగనివి కూడా చెబుతారు. బస్సులో పక్కన కూర్చున్నవాడి జీతమెంతో, పిల్లల పెళ్లిళ్లయ్యాయో లేదో దిగేలోపు తెలుసుకునే జనం మనం. ఆ అలవాటునే వాడుకుంటూ, అదంతా నా పనితనమని మురిసిపోయేవాణ్ణి.

ఒక శుక్రవారం షాహీనా దరఖాస్తు చేతికొచ్చింది. ముప్పై ఏళ్ల నర్సు. తెనాలిలో తల్లితో ఉంటూ రోజూ రైల్లో బాపట్లలోని ఒక ఆసుపత్రికి వెళ్లొస్తోంది. ఒమాన్‌లో ఉద్యోగం ఖాయమైంది, నెలన్నరలో చేరాలి. పెళ్లయి రేపల్లెలో ఏడాదిన్నర కాపురం చేసినట్టు, ఆ తర్వాత విడాకులైనట్టు దరఖాస్తులో తనే రాసింది.

జుమ్మా నమాజు ముగించుకుని, నెత్తిన టోపీతోనే ఆ వీధికి వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటి సరోజినమ్మగారు గుమ్మంలోకి వచ్చి, "ఎవరు కావాలండి అన్నయ్యగారూ?" అన్నారు. షాహీనా గురించి అడగ్గానే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చారు.

"పిల్ల బంగారమండి. ఇక్కడే పుట్టి పెరిగింది."

పెళ్లయిందా అని అడిగాను. "అబ్బే, ఇంకా లేదండి" అన్నారు. ఆవిడ అరుగు మీద మిషను కుట్టుకుంటున్న దర్జీ మస్తాన్ కూడా తలెత్తకుండానే, కాలేదండి అన్నాడు.

ఫోను చేసి రమ్మంటే, సాయంత్రం షాహీనా కాగితాలతో స్టేషన్‌కు వచ్చింది. ఖాజీ ఇచ్చిన విడాకుల పత్రం చేతిరాతలో ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు కాలేదన్న పెళ్లికి విడాకులేమిటని నాకు అనుమానం పట్టుకుంది. సాక్షులు చెప్పింది దరఖాస్తుదారుకు చెప్పకూడదు కనుక చెప్పలేదు. విడాకుల మాట నిజమేనా అని మాత్రం అడిగాను. మా వీధిలో అందరికీ తెలుసు సార్ అంది. వెళ్తూ వెళ్తూ, "కొంచెం తొందరగా పంపండి సార్. అక్కడ మీ ఆయనేం చేస్తాడని ఎవరూ అడగరంట" అంది.

వైవాహిక వివరాలు సరిపోలలేదు, రేపల్లెలో విచారించాలి అని రాసి పంపాను. మళ్లీ ఆ వీధికి వెళ్లడం పది నిమిషాల పని. వెళ్లలేదు.

జిల్లాలు విడిపోకముందైతే రేపల్లెకు ఒక్క ఫోను చాలేది. ఇప్పుడది బాపట్ల జిల్లా. కాగితం మా జిల్లా కార్యాలయానికి, అక్కణ్ణుంచి ఆ జిల్లా కార్యాలయానికి, ఆపైన రేపల్లెకు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. రెండు నెలలు పట్టింది. ఆమె రాసిన ప్రతి మాటా నిజమని తేలింది.

మర్నాడు పొద్దున్నే ఆ వీధికి వెళ్లి, ఈసారి కార్డు చూపించి, ఎందుకలా చెప్పారని అడిగాను. సరోజినమ్మగారు కార్డును దగ్గరగా పట్టుకుని చదివారు.

"పోలీసులా! ఆరోజు మీ టోపీ చూసి, సంబంధం వాకబుకొచ్చారనుకున్నామండి. విడిపోయిన పిల్లంటే ఇంకెవరొస్తారండీ? ఎవరొచ్చి అడిగినా కాలేదనే చెప్పాలని మస్తానూ నేనూ ఎప్పుడో అనుకున్నామండి."

మస్తాన్ మిషను ఆపేశాడు. డ్యూటీకి బయల్దేరిన షాహీనా ఎదురు గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశారని నాతో చెప్పింది. ఆ తర్వాత సరోజినమ్మగారి వైపు తిరిగి, "నేను నిజమే రాశానండి పిన్నిగారూ" అంది. బాపట్ల బండికి టైమైందని వెళ్లిపోయింది.

వాళ్లిద్దరూ అబద్ధమాడింది ఆమె మేలు కోరే. అడిగేవాడెవరో తెలియనప్పుడు అతనెవరై ఉంటాడని తమకు తోచిందో ఆ మనిషికి జనం జవాబు చెబుతారు. వాళ్ల చేత ఆ జవాబు చెప్పించింది నేను. నా నివేదికలో ఆ సంగతి రాయడానికి గడి లేదు.